అన్నయ్యగారూ, మీకు కూడా తెలియలేదా?
(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను "మానసిక ఆరోగ్యం" గురించి నాలుగు ముక్కలు మాట్లాడమన్నారు. నేను డాక్టర్ని కాను. ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంటుగా చేరి, సర్వీసులో ఎక్కువ భాగం సైకియాట్రీ వార్డుల్లో గడిపి, సుబేదారుగా రిటైరైన వాడిని. డాక్టరుగారు రౌండుకు వచ్చి పది నిమిషాలు చూసే పేషెంటును మేము రాత్రింబవళ్ళు చూస్తాం. నాకు తెలిసిందల్లా అలా చూసి తెలుసుకున్నదీ, తరువాత కుతూహలం కొద్దీ చదువుకున్నదీ మాత్రమే.

అయితే ఆ పెద్ద విషయంలోంచి నేను ఒక చిన్న ముక్కనే తీసుకుంటాను. ఇంగ్లీషులో సైకోపతీ అంటారు. మనస్సాక్షి అనేది లేని మనిషి మన మధ్య ఉంటే ఎలా గుర్తుపట్టాలి అన్నది విషయం. ఇదే ఎందుకంటే, మన సంఘంలో ఒక చెల్లెమ్మ నన్ను ఒక ప్రశ్న అడిగారు. ఆమె భర్త నాతో కలిసి పనిచేసిన హవల్దారు, ఇప్పుడు లేరు. ఆమె అనుమతి తీసుకునే చెబుతున్నాను. "అన్నయ్యగారూ, మీరు ఇన్నేళ్ళు పిచ్చాసుపత్రిలో పనిచేశారు కదా. మీకు కూడా తెలియలేదా?" అన్నారు.

2019 ఉగాదికి మన సమావేశానికి వచ్చిన ఆ పెద్దమనిషి మీలో చాలామందికి గుర్తుండే ఉంటాడు. రిటైర్డ్ మేజర్నని చెప్పుకున్నాడు. ఆర్టిలరీ అన్నాడు, 1999లో కార్గిల్‌లో, ద్రాస్ వైపు ఉన్నానన్నాడు. మన ఊళ్ళ వైపు మాజీ సైనికుల కోసమే లే అవుట్ వేస్తున్నానని, తక్కువ ధరకు ప్లాట్లు ఇస్తానని చెప్పి మన వాళ్ళలో చాలామంది దగ్గర డబ్బు తీసుకున్నాడు. ఆ చెల్లెమ్మ ఇచ్చింది 8 లక్షలు. భర్త పోయాక వచ్చిన డబ్బులో అదే పెద్ద మొత్తం. ఆమెకు ఆ మనిషిని పరిచయం చేసింది ఎవరో కాదు, నేనే. ఆ సంగతి ముందే చెప్పుకుంటే తప్ప మిగతాది మాట్లాడే అర్హత నాకు లేదు.

ముందు మాటల చిక్కు విప్పుకుందాం. మనవాళ్ళు "సైకో" అనే మాటను ఎవరి మీద పడితే వాళ్ళ మీద వాడతారు. కోపిష్టి సి.ఓ. సైకో, మాట్లాడని పక్కింటాయన సైకో, సినిమాలో కత్తి పట్టుకున్నవాడు సైకో. హిచ్‌కాక్ 1960లో ఆ పేరుతో సినిమా తీసిన దగ్గర్నుంచీ ఈ గందరగోళం ఉంది. సైకోసిస్ వేరు. అందులో మనిషికి లేని గొంతులు వినిపిస్తాయి, లేని శత్రువులు కనిపిస్తారు. అది జబ్బు, దానికి మందులున్నాయి, మందులు వాడి మళ్ళీ డ్యూటీలో చేరినవాళ్ళను నేను ఎంతోమందిని చూశాను. సైకోపతీ అలా కాదు. వాడికి ఏ గొంతులూ వినిపించవు. లెక్కలు సరిగ్గా వేస్తాడు, మీ కన్నా బాగా మాట్లాడతాడు. లేనిదల్లా ఒకటే, ఎదుటివాడి నొప్పి వాడికి తగలదు.

ఈ విషయాన్ని మొదట వివరంగా రాసినవాడు అమెరికాలో హెర్వీ క్లెక్లీ అనే సైకియాట్రిస్టు. పుస్తకం పేరు 'ద మాస్క్ ఆఫ్ శానిటీ', 1941లో వచ్చింది. మనకు ఆసక్తి కలిగించే సంగతి ఏమిటంటే, ఆయన జార్జియా రాష్ట్రంలో అగస్టా అనే ఊళ్ళో మాజీ సైనికుల ఆసుపత్రిలో పనిచేశాడు. అక్కడికి కొందరు వచ్చేవారు. పరీక్షల్లో ఏ పిచ్చీ కనబడదు, తెలివితేటలకు లోటు లేదు, పలకరింపు చక్కగా ఉంటుంది. కానీ బతుకు చూస్తే అప్పులు, అబద్ధాలు, విడిచేసిన పెళ్ళాలు, మోసపోయిన అన్నదమ్ములు. ఎన్నిసార్లు దెబ్బ తగిలినా నేర్చుకునేది ఉండదు. ఆరోగ్యమనే ముసుగు వేసుకున్న మనిషి అన్న అర్థంలో ఆయన ఆ పేరు పెట్టాడు.

తరువాత కెనడాలో రాబర్ట్ హేర్ అనే సైకాలజిస్టు జైలు ఖైదీల మీద ఏళ్ళ తరబడి పనిచేసి ఒక చెక్‌లిస్టు తయారుచేశాడు. మొదటిది 1980లో, సవరించినది 1991లో వచ్చాయి. అందులో 20 అంశాలుంటాయి. ఒక్కోదానికి 0, 1, 2 మార్కులు, మొత్తం 40. అమెరికా, కెనడాల్లో 30 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే సైకోపతీ కింద లెక్క. సాధారణ జనంలో నూటికి ఒకరు అలాంటివారుంటారని ఆయన అంచనా. ఉత్తర అమెరికా జైళ్ళలో అయితే 15 నుంచి 25 శాతం వరకు చెబుతారు. అంటే ఇంకో సంగతి కూడా గమనించండి. జైల్లో ఉన్నవాళ్ళలో కూడా ఎక్కువమంది అలాంటివారు కారు. నేరం చేసిన ప్రతివాడూ సైకోపాత్ కాదు, సైకోపాత్ లక్షణాలున్న ప్రతివాడూ జైల్లో ఉండడు.

హేర్ గారి అనుభవం ఒకటి చెబుతాను, నాకు అది కాస్త ఊరటనిచ్చింది. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక ఖైదీ ఆయన గదిలోకి వచ్చాడు. పుస్తకంలో వాడికి రే అని పేరు పెట్టాడు. వస్తూనే కత్తి తీసి చూపించాడు. ఇది మీకోసం కాదు, ఇంకో ఖైదీ కోసం అన్నాడు. రిపోర్టు చేయాలా వద్దా అని హేర్ తటపటాయించి, చివరికి చేయలేదు. అంతే, ఆ ఒక్క మెతకతనం పట్టుకుని వాడు ఎనిమిది నెలలు ఆయనతో సిఫారసులు చేయించుకున్నాడు. వంటగదిలో పని, తరువాత కార్ల షాపులో పని. హేర్ గారు ఉద్యోగం వదిలి వెళ్ళేటప్పుడు ఆయన కారు బాగుచేసింది కూడా ఆ షాపులోనే. దారిలో కొండ దిగుతుంటే బ్రేకులు పోయాయి. కొన్నేళ్ళ తరువాత ఆయన యూనివర్సిటీలో రిజిస్ట్రేషన్ దగ్గర కూర్చుని ఉంటే, వరుసలో నిలబడ్డ ఒకడు, నేను జైల్లో డాక్టర్ హేర్‌కు అసిస్టెంటుగా పనిచేశానని గొప్పలు చెబుతున్నాడట. చూస్తే రే! ఈ విషయంలో లోకానికి పాఠాలు చెప్పిన మనిషి పరిస్థితే అది అయితే, సుబేదారు నేనెంత?

ఇక నా వార్డు సంగతులు. రెండు కేసులు చెబుతాను. పేర్లు, యూనిట్లు, ఊళ్ళు అడగకండి.

ఒక జవానును ఎస్కార్టుతో తెచ్చారు. బ్యారక్‌లో తోటివాడిని కొట్టాడు. ఎవరితోనూ మాట్లాడడు. భోజనం ప్లేటు విసిరేస్తాడు, కళ్ళలోకి చూడడు, పలకరిస్తే తిడతాడు. అప్పటికి నేను ఏదో ఇంగ్లీషు పుస్తకం సగం చదివి ఉన్నాను. సగం చదివినవాడికి తెలివి ఎక్కువ కదా. "వీడు పక్కా సైకోపాత్ సర్" అన్నాను మేజర్ సాబ్‌తో. ఆయన నన్ను పైకీ కిందకీ చూసి, "ఫారం చదివావా?" అని అడిగారు.

సైకియాట్రీ కేసు పంపేటప్పుడు యూనిట్ నుంచి సి.ఓ. రిపోర్టు ఒకటి వస్తుంది, ఏ.ఎఫ్.ఎమ్.ఎస్.ఎఫ్.-10 అని. మీలో ఆఫీసు పని చేసినవాళ్ళకు తెలుసు. ఆ మనిషి యూనిట్‌లో ఎలా ఉండేవాడు, తాగుడు ఉందా, శిక్షలున్నాయా, తోటివాళ్ళతో ఎలా మెలిగేవాడు, అన్నీ రాయాలి. ఆ ఫారం తీసి చదివాను. ఆరు నెలల కిందటి వరకు మచ్చలేని మనిషి. సెలవుకు వెళ్ళివచ్చిన తరువాత మారాడు. ఇంట్లో తమ్ముడు ఉరి వేసుకున్నాడు. ఇంకో వాక్యం ఉంది, అది ఇప్పటికీ నా కళ్ళముందు ఉంది. తోటివాడిని కొట్టిన రాత్రి, ఎం.ఐ. రూమ్‌లో ఆ దెబ్బలు తిన్నవాడి మంచం పక్కనే నేల మీద కూర్చుని తెల్లవారేదాకా కదలలేదట. వాడికి ఉన్నది డిప్రెషన్. చికిత్స జరిగింది. లో మెడికల్ కేటగిరీలో వెళ్ళాడు, తరువాత అప్‌గ్రేడ్ కూడా అయ్యాడు.

రెండోవాడు అదే వార్డులో మరో ఏడు వచ్చాడు. నవ్వు ముఖం. వచ్చిన మూడో రోజుకే మా అందరి పిల్లల పేర్లు వాడికి తెలుసు. సఫాయివాలాను "చాచా" అంటాడు, సిస్టరుగారిని "మేడమ్, మీరు మా అక్కలా ఉన్నారు" అంటాడు. నాతో మాత్రం మన తెలుగువాళ్ళ వంట గురించి మాట్లాడేవాడు. ఎవరికి ఏ తీపి ఇష్టమో వాడికి తెలుసు. వీడిని అసలు ఎందుకు అడ్మిట్ చేశారా అని నేనే అనుకున్నాను. రెండు నెలల తరువాత లెక్క తేలింది. చాచా దగ్గర కూతురి పెళ్ళికని దాచుకున్న డబ్బు అప్పుగా తీసుకున్నాడు. నలుగురు పేషెంట్ల దగ్గర నాలుగు రకాల కథలు చెప్పి తీసుకున్నాడు. ఒకరికి తల్లి ఆపరేషన్, ఒకరికి చెల్లెలి కాన్పు. కొత్తగా చేరిన నర్సింగ్ అసిస్టెంటు కుర్రాడిని మచ్చిక చేసుకుని బయటి నుంచి రమ్ము సీసా తెప్పించుకున్నాడు. దొరికింది కుర్రాడు, శిక్ష పడింది కుర్రాడికి.

నేను వెళ్ళి, "నీవల్ల ఆ పిల్లవాడి సర్వీసు పాడైంది కదరా" అన్నాను. వాడు ఏమీ కంగారుపడలేదు. "వాడికి బుర్ర లేదు సాబ్, నేనేం చేయను" అని, అదే గొంతుతో, "ఇవాళ లంగర్‌లో ఖీర్ ఉందంటగా?" అన్నాడు. కోపం లేదు, సిగ్గు లేదు, కనీసం నటన కూడా లేదు. నాతో ఇక అవసరం లేదని తెలిసింది కాబట్టి నటించడం దండగ అనుకున్నాడేమో.

ఈ రెండు కేసుల్లో తేడా చూడండి. మొదటివాడి ముఖం చెడ్డగా ఉంది, లోపల పశ్చాత్తాపం కాల్చేస్తోంది. రెండోవాడి ముఖం పండుగలా ఉంది, లోపల ఆ గది ఖాళీ. మనం చూసేది ముఖాన్ని. అందుకే మేకవన్నె పులి, గోముఖ వ్యాఘ్రం, పయోముఖ విషకుంభం అని మన పెద్దలు ఇన్ని మాటలు పుట్టించారు. అన్ని మాటలు అవసరం పడ్డాయంటే, ఎన్నిసార్లు మోసపోయి ఉంటారో ఆలోచించండి.

డాక్టర్లు చెప్పే లక్షణాలు చాలా ఉన్నాయి. అన్నీ ఇక్కడ ఏకరువు పెట్టను. తియ్యని మాట, తన గురించి తనకు కొండంత గొప్ప, అవసరం లేకపోయినా అబద్ధం, ఎదుటివాడిని పావుగా వాడుకోవడం, పశ్చాత్తాపం లేకపోవడం, తప్పును ఎప్పుడూ ఇంకొకరి మీదికి తోసెయ్యడం, ఒక చోట నిలకడ లేకపోవడం, చిన్నతనం నుంచే ఇలాంటి చరిత్ర ఉండడం. వీటిలో ఒకటో రెండో మనలో ఎవరికైనా ఉంటాయి. మెస్సులో కోతలు కోయని ఫౌజీ ఎవడు చెప్పండి! అన్నీ కలిసి, అన్ని చోట్లా, ఏళ్ళ తరబడి ఉంటేనే సంగతి. మార్కులు వేయడానికి శిక్షణ పొందిన నిపుణులు కావాలి. వాళ్ళు కూడా మనిషితో మాట్లాడి ఊరుకోకూడదు, పాత రికార్డులు చూసి తీరాలి. ఎందుకంటే ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడితే గెలిచేది వాడే. మా మేజర్ సాబ్ "ఫారం చదివావా?" అన్నదీ అందుకే.

సర్వీసులో ఉన్న తమ్ముళ్ళ కోసం ఒక మాట. పాల్ బాబియాక్ అనే ఆయన హేర్ గారితో కలిసి 2006లో ఒక పుస్తకం రాశాడు, ఆఫీసుల్లో ఇలాంటివాళ్ళు ఎలా పైకి వస్తారన్నదాని మీద. వాళ్ళ పద్ధతి మూడు అంచెలట. ముందు ఎవరి దగ్గర ఏముందో అంచనా వేయడం, తరువాత వాడుకోవడం, చివర విసిరేయడం. పైవాడికి చక్కెర, కిందివాడికి చేదు. అందుకే పైవాళ్ళు ఇచ్చే రిపోర్టు ఒకలా, కిందివాళ్ళు చెప్పుకునేది ఇంకొకలా ఉంటుంది. ఒకే మనిషి గురించి రెండు వైపుల నుంచీ పూర్తిగా వేరు వేరు బొమ్మలు వస్తుంటే, అక్కడ ఆగి చూడాలి.

ఇలాంటివాళ్ళకు భయం ఉండదు కాబట్టి మంచి సైనికులవుతారని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. మన ధైర్యం వేరు. భయపడుతూనే బడ్డీని వీపు మీద వేసుకుని తెచ్చేవాడిది ధైర్యం. బడ్డీ అంటే ఏమిటో తెలియనివాడు పోస్టులో పక్కన ఉంటే సెక్షన్ మొత్తానికి గండం. ఆఫీసర్ల ఎంపికకు 1943లో డెహ్రాడూన్‌లో ప్రయోగాత్మకంగా బోర్డు పెట్టిన నాటి నుంచీ ఎస్.ఎస్.బి.లో ఒక్కరి మాట మీద వదలకుండా సైకాలజిస్టు ఒకవైపు, గ్రూప్ టెస్టులు చూసే ఆఫీసరు ఒకవైపు, ఇంటర్వ్యూ చేసే ఆఫీసరు ఒకవైపు చూసి చివర్న కూర్చుని మాట్లాడుకునేది ఎందుకనుకున్నారు? ఒకడిని మోసం చేయవచ్చు, ముగ్గురిని వేరు వేరుగా మోసం చేయడం కష్టం. అంతకు ముందు చాణక్యుడు అర్థశాస్త్రంలో అమాత్యులను ధర్మం, అర్థం, కామం, భయం అని నాలుగు రకాలుగా పరీక్షించమన్నాడు. డబ్బు పరీక్ష నెగ్గినవాడికి ఖజానా పని, భయం పరీక్ష నెగ్గినవాడికి రాజు దగ్గరి పని, నాలుగూ నెగ్గినవాడే మంత్రి. మనమేమో ఒక్క పరీక్ష కూడా పెట్టకుండా తాళాలు ఇచ్చేస్తాం.

చార్లెస్ శోభరాజ్ పేరు ఇక్కడ పెద్దవాళ్ళందరికీ తెలుసు. నేను ఆయనను పరీక్షించినవాడిని కాను, ఏ ముద్రా వెయ్యను. కానీ పద్ధతి చూడండి. పరాయి దేశంలో తిరుగుతున్న కుర్రవాళ్ళతో స్నేహం చేస్తాడు. వాళ్ళకు ఒంట్లో బాగుండదు. ఈయనే మందిచ్చి సేవ చేస్తాడు. ఆ బాగుండకపోవడానికి కారణం కూడా ఆ మందే! 1976లో ఢిల్లీలో ఫ్రెంచి విద్యార్థులకు విరేచనాల మందు అని బిళ్ళలు ఇస్తే, అవి హోటల్లోనే పనిచేసి కుర్రాళ్ళు కుప్పకూలారు. వాళ్ళలో కొందరు తేరుకుని పట్టుకోబట్టి దొరికాడు. 1986 మార్చిలో తీహార్ జైల్లో పుట్టినరోజని కాపలావాళ్ళకు మత్తు కలిపిన మిఠాయిలు పంచి బయటికి నడిచి వెళ్ళాడు. తరువాతి నెల గోవాలో దొరికాడు. 1997లో విడుదలై ఫ్రాన్సు వెళ్ళినవాడు, తన మీద పాత హత్య కేసు ఉన్న నేపాల్‌కు తానే వెళ్ళి 2003లో ఖాట్మండులో పట్టుబడ్డాడు. 2022 డిసెంబరులో గానీ బయటికి రాలేదు. అంత తెలివైనవాడు అక్కడికి ఎందుకు వెళ్ళినట్టు? క్లెక్లీ రాసిన 'దెబ్బ తగిలినా నేర్చుకోకపోవడం' అన్న మాట నాకు గుర్తొస్తుంది.

ఇప్పుడు మన మేజర్ దగ్గరకు వద్దాం. వెనక్కి తిరిగి చూస్తే అన్నీ కనబడుతున్నాయి. మొదటిది, పుణెలో ఉండే మనకు తెలుగు మాట వినబడితే ప్రాణం లేచి వస్తుంది. వాడికి అది తెలుసు. గోంగూర పచ్చడి సీసాతో మా ఇంటికి వచ్చాడు. మా ఆవిడను "అక్కా" అన్నాడు. నా మోకాలి నొప్పికి ఏదో తైలం తెచ్చి ఇచ్చాడు. రెండోది, జాలి. భార్యకు క్యాన్సర్ అని చెప్పాడు, ఆ మాట చెప్పేటప్పుడు కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. పది నిమిషాల తరువాత ప్లాటు సైజు గురించి చెబుతూ నవ్వుతున్నాడు. గుండె నిబ్బరం అనుకున్నాను. మూడోది, తొందర. "ఈ నెల్లోపు కడితేనే ఈ ధర, తరువాత నా చేతుల్లో లేదు." నాలుగోది, అందరినీ కలవనివ్వలేదు. ఒక్కొక్కరికీ వేరే ధర చెప్పి, "మీకు మాత్రమే, మిగతావాళ్ళకు చెప్పకండి" అన్నాడు. దానితో మనం ఒకరికొకరం చెప్పుకోలేదు. మన నోళ్ళకు మనమే తాళం వేసుకున్నాం.

అన్నిటికన్నా నన్ను ఈనాటికీ కుట్టేది ఇంకొకటి. మనలో ఆర్టిలరీ హవల్దారు ఒకాయన ఉన్నారు. ఆయన ఆ రోజే అడిగారు, "సాబ్, మీ రెజిమెంటు ఏది? మీ బి.సి. ఎవరు?" అని. ఆ మనిషి బోఫోర్స్ గురించి గడగడా మాట్లాడాడు. బోఫోర్స్ గురించి టీవీ చూసిన చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. అడిగిన రెండు ప్రశ్నలకూ జవాబు చెప్పలేదు. హవల్దారు భుజం మీద చెయ్యి వేసి, "నీలాంటి వాళ్ళ వల్లే మనం గెలిచాం" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. బయటికి వచ్చాక హవల్దారుగారు నాతో, "సుబేదార్ సాబ్, ఈయన గన్ను దగ్గర నిలబడ్డ మనిషిలా లేడు" అన్నారు. నేనేమన్నానో తెలుసా? "ఆఫీసర్ సాబ్‌ను అలా అడగడం ఏమిటి, మర్యాద తెలియదా?" అని మందలించాను. ఆ హవల్దారుగారికి ఈ సభాముఖంగా క్షమాపణ చెప్పుకుంటున్నాను.

డబ్బు కట్టాక 2020లో కరోనా వచ్చింది. వాడికి అది వరం. ఆఫీసులు మూసేశారు, రిజిస్ట్రేషన్లు జరగడం లేదు అని ఏడాది గడిపాడు. నిలదీసిన వాళ్ళతో ముందు బతిమాలాడు, తరువాత ఏడ్చాడు, ఆ పైన బెదిరించాడు. మూడు రంగులూ ఒకే ఫోన్‌కాల్‌లో మారడం నేనే విన్నాను. చివరికి 2021లో ఫిర్యాదు ఇచ్చాం. తేలిందేమిటంటే, వాడు ఏ రోజూ యూనిఫారం వేసుకున్నవాడు కాదు. చూపించిన భూమి ఇంకెవరిదో.

పోలీస్ స్టేషనులో వాడిని చూశాను. పక్కన ఆ చెల్లెమ్మ ఏడుస్తున్నారు. వాడు నా వైపు తిరిగి, ఎప్పటిలాగే నవ్వుతూ, "మోకాలు ఎలా ఉంది సుబేదార్ సాబ్? తైలం రాస్తున్నారా?" అన్నాడు. వార్డులో ఖీర్ అడిగినవాడు గుర్తొచ్చి నాకు ఒళ్ళు జలదరించింది.

వాడు సైకోపాతేనా? ఏమో, నేను చెప్పలేను. మోసగాడికి సైకోపతీ ఉండి తీరాలని లేదు, డబ్బు ఆశ ఒక్కటి చాలు. ఆ తీర్పు డాక్టర్లది, నేరం సంగతి కోర్టుది. మనకు కావలసింది ఆ పేరు కాదు. ఎదుటివాడి నడవడిక చూసి మనం దూరం జరగడమే.

అందుకని నేను ఇప్పుడు పాటించేవి చెబుతాను. మాజీ సైనికుడినని ఎవరైనా వస్తే, పరిచయానికి ముందే డిశ్చార్జ్ బుక్, పి.పి.ఓ., మాజీ సైనికుల గుర్తింపు కార్డు అడుగుతాను. ఆఫీసరైతే ఐ.సి. నంబరు, చివరి యూనిట్. నిజమైనవాడు నొచ్చుకోడు, మనకంటే ముందే తీసి చూపిస్తాడు. ప్లాటు అంటే ఈ.సి. తీయించండి, లింకు డాక్యుమెంట్లు మన లాయరుతో చూపించండి, వాళ్ళ లాయరుతో కాదు. 2016 చట్టం కింద పెద్ద లే అవుట్లకు రెరా రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ నంబరు వెబ్‌సైటులో మన పిల్లలు రెండు నిమిషాల్లో చూసిపెడతారు. "ఎవరికీ చెప్పకండి" అన్న మాట వినగానే, ఆ సాయంత్రమే ముగ్గురికి చెప్పండి. జాలి కలిగితే అన్నం పెట్టండి, చెక్కు రాయకండి.

ఇంట్లో అలాంటి మనిషి ఉంటే అది ఇంకా కష్టం. కాళ్ళు పట్టుకుని మళ్ళీ చేయనంటాడు, ఆ మాటను కాదు, గత పదేళ్ళను చూడండి. నీ ప్రేమతో మారుస్తావు అని ఆడపిల్లకు నచ్చజెప్పే పెద్దలు కాస్త ఆలోచించాలి. అతడిని మార్చే పూచీ ఆ అమ్మాయి నెత్తిన పెట్టకండి. మీరే సైకోపాత్ అని ముఖం మీద అనడం వల్ల ఏమీ జరగదు, ఆ మాటను మీ మీదే తిప్పి కొడతాడు. డబ్బు, కాగితాలు, పిల్లల భద్రత చూసుకుని నిశ్శబ్దంగా సహాయం వెతుక్కోవాలి.

ఇంకొక్క మాట, ఇది మరచిపోతే నేను ఇక్కడికి వచ్చి నష్టం చేసినవాడినవుతాను. ఇంటికెళ్ళి ఎవరికీ మార్కులు వేయకండి. ఫీల్డు నుంచి వచ్చి నిద్రపట్టక, చిన్న చప్పుడుకు ఉలిక్కిపడి, భార్యాపిల్లల మీద అరిచి, తరువాత వరండాలో ఒంటరిగా కూర్చునే మనిషి మీ ఇంట్లో ఉంటే, ఆయనకు కావలసింది ఈ.సి.హెచ్.ఎస్. పాలీక్లినిక్‌లో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళే చెయ్యి. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లలకు వ్యక్తిత్వం మీద ఇలాంటి ముద్ర డాక్టర్లు కూడా వేయరు. ఆ రోజు మేజర్ సాబ్ నన్ను ఆపకపోతే, తమ్ముడిని పోగొట్టుకున్న ఆ జవాను ఫైలులో నా సగం చదువు ఎక్కి ఉండేది.

కేసు ఇంకా నడుస్తోంది. చెల్లెమ్మతో ప్రతి వాయిదాకు నేనూ, ఆర్టిలరీ హవల్దారుగారూ వెళుతున్నాం. వచ్చే వాయిదాకు మాతో రాగలిగినవారు, అతడికి డబ్బు కట్టి సిగ్గుపడి ఇప్పటిదాకా చెప్పనివారు ఎవరైనా ఉంటే, భోజనాల తరువాత నన్ను కలవండి. రసీదులు లేకపోయినా ఫర్వాలేదు, బ్యాంకు స్టేట్‌మెంటు చాలు. మందుల గురించిన ప్రశ్నలు మాత్రం మన డాక్టర్ కల్నల్‌గారిని అడగండి, అవి నాకు రావు.

జైహింద్.